భగీరథుడి బైబిలు

సర్ ఆర్థర్ కాటన్ పోయిన మరుసటి ఏడాది, 1900లో, లండన్‌లో ఆయన జీవితచరిత్ర అచ్చయింది. రాసింది కన్నకూతురు ఎలిజబెత్. పెళ్లయ్యాక లేడీ హోప్‌గా పేరుపడ్డ మనిషి. ఆయన గోదావరి మీద కట్టించిన ధవళేశ్వరం ఆనకట్ట గురించి మన దగ్గర ఎవరు ఏం రాసినా, తీగ లాగితే చివరికి తేలేది ఆ పుస్తకమే. కాకపోతే మనవాళ్లు అందులోంచి రాళ్లూ సున్నమూ కాలువలూ లాకులూ తీసుకుని, మిగతాది అక్కడే వదిలేశారు. ఆ మిగతాదే కూతురికి ముఖ్యం. ఆమె దృష్టిలో తండ్రి మొదట దేవుడి మనిషి, తర్వాత భర్త, తండ్రి, ఆ తర్వాతే ఇంజినీరు.

మన ఊళ్లలో కాటన్ విగ్రహాలకు కొదవ లేదు. గుర్రం మీద కూర్చున్నవి, టోపీ పెట్టుకున్నవి, లాకుల దగ్గర, సెంటర్లలో, పంచాయతీ ఆఫీసుల ముందు. మే 15 వచ్చిందంటే వాటికి దండలు పడతాయి. ఆ గుర్రం మీది మనిషి ఇంట్లో ఎలా ఉండేవాడు, దేన్ని నమ్మేవాడు, ఆ నమ్మకం ఆనకట్ట రాళ్లలోకి ఎలా దిగింది అని అడిగేవాళ్లు తక్కువ. అడిగితే ఇబ్బందికరమైన జవాబులు కూడా వస్తాయి కాబట్టేమో.

ఇబ్బంది సాక్షి దగ్గరే మొదలవుతుంది. ఈ లేడీ హోప్ ప్రపంచానికి తెలిసింది కాటన్ కూతురిగా కాదు, డార్విన్ కథ చెప్పిన మనిషిగా. చివరి రోజుల్లో చార్లెస్ డార్విన్‌ను తాను చూడ్డానికి వెళ్లాననీ, ఆయన మంచం మీద బైబిలు చదువుకుంటూ కనిపించాడనీ, తన పరిణామ సిద్ధాంతం గురించి నొచ్చుకున్నట్టు మాట్లాడాడనీ 1915లో అమెరికాలో ఆమె చెప్పింది. ఒక బాప్టిస్టు పత్రిక దాన్ని అచ్చువేసింది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆ కథ ప్రసంగాల్లో తిరుగుతూనే ఉంది. తన తండ్రి మరణశయ్య దగ్గర తానున్నాననీ, లేడీ హోప్ అక్కడ లేదనీ, అలాంటి మార్పేమీ జరగలేదనీ డార్విన్ కూతురు హెన్రియెట్టా 1922లో గట్టిగా ఖండించింది. చరిత్రకారులు ఎక్కువమంది హెన్రియెట్టా పక్షమే. అంటే కాటన్‌ను మనకు పరిచయం చేసే మనిషి, ఎదుటివాళ్లలో భక్తిని తాను చూడాలనుకున్నంతగా చూసే మనిషి. ఆమె రాసిన తండ్రిని చదివేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. అలాగని పుస్తకాన్ని అవతల పారేయడానికీ లేదు. తండ్రి భక్తి విషయంలో మాత్రం ఆమె కల్పించాల్సిన అవసరమే లేకపోయింది. ఆయన స్నేహాలు, సహోద్యోగులు, చివరికి ముసలితనంలో తయారుచేసిన చిన్న పుస్తకం కూడా ఆమె మాటకు సాక్ష్యం పలుకుతాయి.

పదకొండు మందిలో పదోవాడు

కాటన్ 1803 మే 15న పుట్టాడు. పేరున్న కుటుంబమే గానీ తండ్రికి పదకొండు మంది కొడుకులు, ఈయన పదోవాడు. ఆ రోజుల్లో అలాంటి ఇంట్లో చిన్నకొడుకులకు ఆస్తి రాదు, ఉద్యోగం వెతుక్కోవాలి. అన్నదమ్ముల్లో చాలామంది సైన్యంలోకో, నౌకాదళంలోకో, కంపెనీ కొలువులోకో వెళ్లిపోయారు. అన్న సిడ్నీ కాటన్ సైన్యంలో జనరల్ అయ్యాడు. తమ్ముడు ఫ్రెడరిక్ కూడా మద్రాసులో ఇంజినీరే. ఆర్థర్ పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీ వాళ్ల అడిస్కోంబ్ సైనిక పాఠశాలలో చేరి, వేల్స్‌లో కొన్నాళ్లు సర్వే పని నేర్చుకుని, 1821లో మద్రాసులో దిగాడు. పద్దెనిమిదేళ్లు. మొదట దక్షిణాదిన పాంబన్ జలసంధి దగ్గర సర్వే, తర్వాత 1824లో మొదలైన బర్మా యుద్ధం. ఇదంతా ఆ కాలపు ప్రతి కంపెనీ అధికారి జీవితంలోనూ ఉండే సరుకే.

వేరుపడ్డది ఆయన విశ్వాసం. ఆంగ్లికన్ సంఘంలోనే ఉంటూ బైబిలును అక్షరాలా జీవితానికి కొలబద్దగా పెట్టుకున్న ఎవాంజెలికల్ వర్గం అప్పట్లో ఇంగ్లండ్‌లో బలంగా ఉండేది. బానిస వ్యాపారాన్ని రద్దు చేయించిన విల్బర్‌ఫోర్స్ ఆ వర్గం మనిషే. ఆదివారం గుడికెళ్లి వచ్చి మిగతా ఆరు రోజులూ మామూలుగా ఉంటే వాళ్లు ఒప్పుకోరు. నీకు ఒప్పజెప్పిన పని దేవుడు ఒప్పజెప్పిందే, లెక్క ఆయనకే చెప్పాలి అంటారు. పడుచు ఆఫీసర్లు పేకాటతో, వేటతో, బ్రాందీతో పొద్దుపుచ్చే మద్రాసు కంటోన్మెంట్లలో ఇలాంటి గుంపు చిన్నదే. అయితే దాని సభ్యులకు పని పిచ్చి. కాటన్ ఆ గుంపు మనిషి. మనకు తెలిసిన కాటన్ మొండితనంలో సగం అక్కడి నుంచే వచ్చింది. పై అధికారి కాదంటే ఆయన ఆగడు, ఆయన జవాబు చెప్పుకోవాల్సింది ఇంకా పైన ఉన్నాడు మరి.

ఇసుక మీద కట్టడం

1828 నుంచి కాటన్‌కు కావేరి పనులు. అక్కడ ఆయనకు ఒక గురువు దొరికాడు, మనిషి కాదు, కల్లణై. కరికాల చోళుడు కట్టించాడని చెప్పే ఆ ఆనకట్ట సుమారు రెండో శతాబ్దం నాటిది. అడుగున రాయి తగలదు, ఎంత తవ్వినా ఇసుకే. ఆ ఇసుకలోకే రాళ్లు దించి, అవి కూరుకుపోతే మళ్లీ వేసి, కూరుకుపోవడం ఆగేదాకా వేసి, దాని మీద కట్టారు. అట్టడుగున గట్టినేల లేకుండా పునాది వేయకూడదని అడిస్కోంబ్‌లో నేర్చుకున్నవాడికి ఇది కొత్త పాఠం. ఆ పాఠంతోనే 1836, 1838 మధ్య ముక్కొంబు దగ్గర కొళ్లిడం మీద ఎగువ ఆనకట్ట కట్టాడు. (దాని గేట్లలో కొన్ని 2018 ఆగస్టు వరదలో కొట్టుకుపోయాయి. కట్టి నూట ఎనభై ఏళ్లయింది.)

లోతు తెలియని ఇసుకలో పునాది నిలపడం మేం నేర్చుకున్నది ఈ దేశపు పాత ఇంజినీర్ల దగ్గరే అని ఆ తర్వాత కాటన్ బాహాటంగా ఒప్పుకున్నాడు. ఆ పాత చెరువుల్నీ ఆనకట్టల్నీ పాడుబెట్టినందుకు సొంత ప్రభుత్వాన్నే తూర్పారబట్టాడు. ఇక్కడ ఒక విచిత్రం ఉంది. హిందువుల దేవుళ్లు అబద్ధమని మనసారా నమ్మిన మనిషి హిందువుల ఇంజినీరింగు ముందు మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ రెండూ ఆయనలో ఎక్కడా గొడవపడలేదు. మత్తయి సువార్తలో ఇసుక మీద ఇల్లు కట్టినవాడు బుద్ధిహీనుడు. రోజూ బైబిలు చదివేవాడికి ఆ ఉపమానం తెలియకుండా ఎలా ఉంటుంది? కావేరిలో ఇసుక మీద కట్టి నిలబెట్టినప్పుడు ఆయనకు నవ్వొచ్చి ఉంటుందని నేననుకుంటాను.

మద్రాసు దగ్గర రెడ్ హిల్స్ నుంచి రోడ్లకు రాయి తోలడానికి 1837లో వేసిన చిన్న రైలు దారి కూడా కాటన్ ఖాతాలోదే. తర్వాత జీవితమంతా రైళ్ల మీద కారాలు మిరియాలు నూరిన మనిషికి ఈ దేశపు తొలి రైలు పట్టాలతో సంబంధం ఉండడం చరిత్ర చేసే ఎగతాళి.

పెళ్లి, విశాఖ

జ్వరాలు కాటన్‌ను వదలలేదు. ఆరోగ్యం కోసం సెలవు మీద ఆస్ట్రేలియా వైపు, ఇప్పటి టాస్మానియాకు వెళ్లాడు. అక్కడే ఎలిజబెత్ లియర్మంత్ పరిచయమైంది. 1841లో పెళ్లి. ఆయనకు ముప్పై ఎనిమిది. మరుసటి ఏడాది డిసెంబరులో అక్కడే కూతురు పుట్టింది, తల్లి పేరే పెట్టారు. తర్వాత ఒక కొడుకు. భార్యాబిడ్డలతో మళ్లీ మద్రాసు రాష్ట్రానికి వచ్చి విశాఖపట్నంలో కాపురం పెట్టాడు. అక్కడ ఆయనకు పడ్డ పనులు రెండు. చర్చి కట్టడం, తీరాన్ని సముద్రం కోసేయకుండా అడ్డంగా రాతి గట్లు వేయడం. ఒక చేతిలో గుడి, ఇంకో చేతిలో నీళ్లు. కాటన్‌కు అంతకంటే ఏం కావాలి?

పైవాళ్ల లెక్కలో మాత్రం అదొక విశ్రాంతి పోస్టింగు. ఆరోగ్యం దెబ్బతిన్న అధికారిని మూలన కూర్చోబెట్టడం. ఆ మూల నుంచి గోదావరి ఎంతో దూరం లేదు.

డెల్టా అప్పుడెలా ఉందంటే

ఇవాళ కోనసీమ పేరెత్తగానే కొబ్బరితోటలూ వరిచేలూ కళ్లముందు కదులుతాయి కాబట్టి, 1840ల నాటి గోదావరి జిల్లాను ఊహించడం కష్టం. 1832-33లో నందననామ సంవత్సరపు కరువు. జనం దాన్ని డొక్కల కరువన్నారు. కృష్ణకు దక్షిణాన గుంటూరు ప్రాంతం ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయింది. గోదావరి వైపూ అదే గతి. 1839లో కోరంగి మీద పడ్డ తుపాను ఉప్పెన ఓడల్నీ ఊళ్లనూ తుడిచిపెట్టింది. పైనుంచి లాంకషైర్ మిల్లు గుడ్డ దిగి ఇక్కడి నేతగాళ్ల మగ్గాలు మూతపడ్డాయి. 1821లో దాదాపు 7 లక్షల 38 వేలున్న జిల్లా జనాభా 1841కి 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ఎదుట గోదావరి నిండుగా పారుతుంటే ఒడ్డున మనుషులు చచ్చిపోవడం, వలసపోవడం.

ఇదంతా మన తాతముత్తాతలకు విధి. కంపెనీకి శిస్తు నష్టం. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ విచారణ జరిపి, ఈ జిల్లాను బాగుచేయాలంటే నీళ్లు ఒక్కటే మార్గమనీ, పరిశీలనకు కాటన్‌ను పంపమనీ రాశాడు. కాటన్‌కు మాత్రం జనం అలా చావడం పాపం. నోరు తెరిచి చెప్పే మనిషి కాబట్టి అలాగే చెప్పాడు కూడా. దేవుడు నది నిండా నీళ్లిచ్చాక మనుషులు ఆకలితో చస్తున్నారంటే తప్పు పాలకులదే. వానల్నో జనాన్నో నిందించి తప్పించుకోవడానికి వీల్లేదు. సామ్రాజ్యం దేవుడి ఏర్పాటేనని కూడా ఆయన నమ్మాడు. అందువల్ల ఆయన కోపం సామ్రాజ్యం మీద కాదు, ఆ ఏర్పాటుకు తగినట్టు నడవని గుమాస్తాల మీద. ఈ తేడా మరిచిపోతే కాటన్ అర్థం కాడు. ఆయన్ని మన స్వాతంత్ర్య పోరాటానికి దూరపు చుట్టంలా చూపించే వ్యాసాలు ఇక్కడే బోల్తాపడతాయి.

గుర్రం మీద డెల్టా అంతా తిరిగాడు. పల్లెల్లో అరటిపళ్లతో కడుపు నింపుకుని రోజుల తరబడి సర్వే చేశాడని మనవాళ్లు కథలుగా చెప్పుకుంటారు. నివేదిక వెళ్లింది, అంచనా నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల చిల్లర రూపాయలు. పని 1847లో మొదలైంది. ఆరుగురు ఇంజినీర్లు, ఎనిమిదిమంది చిన్న అధికారులు, రెండు వేల మంది తాపీ పనివాళ్లు కావాలని కాటన్ అడిగాడు. వచ్చింది పని నేర్పాల్సిన ఒక కుర్రవాడు, ఇద్దరు సర్వేయర్లు, ఇంకొందరు అత్తెసరు మనుషులు.

కూలీలు మాత్రం పదివేల మంది వచ్చారు.

నది ధవళేశ్వరం దగ్గర లంకలతో పాయలుగా చీలుతుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఆనకట్ట, అన్నీ కలిపి రెండు మైళ్లకు పైగా. ఎత్తు పన్నెండు అడుగులే. అందం దాని ఎత్తులో లేదు, పరుపులో ఉంది. ఇసుకలో బావులు దింపి, వాటి మీద గోడలు లేపి, గోడల మధ్య నింపి, దిగువ వైపు పెద్ద పెద్ద బండరాళ్లు వెడల్పుగా పరిచారు. వరద గట్టును ఢీకొట్టదు, దాని మీంచి జారుతుంది, కింద పరిచిన రాళ్ల మీద దాని జోరు చచ్చిపోతుంది. కల్లణై పాఠం అచ్చంగా ఇక్కడ పనికొచ్చింది. రాయి ధవళేశ్వరం కొండదే. పనివాళ్లను కూడగట్టడంలో, పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు వీణం వీరన్న. ఈ పేరు స్కూలు పాఠాల్లో దొర పేరు పక్కన కనిపించాల్సింది, కనిపించదు.

మధ్యలో కాటన్ మళ్లీ పడిపోయాడు. 1848లో ఎండదెబ్బా జ్వరమూ కలిసి ఆయన్ని కుటుంబంతో సహా ఆస్ట్రేలియాకు పంపేశాయి. రెండేళ్లు. ఆ రెండేళ్లూ పని మోసినవాడు చార్లెస్ ఆర్. ఆయనే తర్వాత బెజవాడలో కృష్ణ మీద ఆనకట్ట కట్టాడు. 1852లో ధవళేశ్వరం పని పూర్తయ్యేనాటికి కాటన్ తిరిగొచ్చి ఉన్నాడు. కాబట్టి కాటన్ ఆనకట్ట అన్నమాటలో ఇంకొందరి చెమట కూడా ఉంది. ఇది చెప్పినంత మాత్రాన ఆయనకొచ్చే లోటేమీ లేదు.

పనివాళ్ల మధ్య ప్రసంగం

పదివేల మంది ఒకచోట చేరారంటే పాదిరీలు రాకుండా ఉంటారా? 1836లో ఇంగ్లండ్ నుంచి వచ్చి నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డ బ్రదరెన్ మిషనరీలు విలియం బౌడెన్, జార్జి బీర్. ఇద్దరూ ఏ సంఘం జీతమూ లేని మామూలు పనివాళ్ల కుటుంబాల మనుషులు. ఆనకట్ట పని సాగినన్నాళ్లూ ధవళేశ్వరం కూలీల మధ్య సువార్త చెప్పడానికి దారి దొరికింది, కాటన్ అండ దొరికింది. ఇవాళ్టి గోదావరి జిల్లాల్లో బ్రదరెన్ సంఘాలకు ఆనాటి గోదావరి డెల్టా మిషనే మూలం.

ఒక ప్రభుత్వాధికారి తన కింద కూలి చేసేవాళ్ల మధ్య మతప్రచారానికి అండగా ఉండడం నేటి కొలతల్లో తప్పే. రోజుకూలి మీద బతికేవాడు దొర దేవుడి గురించి చెప్పేది వినను అనగలడా? ఇది గట్టిగా అడగాల్సిన ప్రశ్నే. మరోవైపు, అదే కూలీల్లో మాల మాదిగ పల్లెల నుంచి వచ్చినవాళ్లకు, ఊరి గుడి మెట్టు ఎక్కే హక్కు లేనివాళ్లకు, ఆ ప్రసంగాల్లో తమను మనుషులుగా పిలిచే గొంతు వినిపించి ఉంటుంది. రెండూ నిజమే అయ్యుండవచ్చు. గోదావరి జిల్లాల్లో ఒకే వీధిలో రామాలయం, ప్రార్థనా మందిరం రెండూ ఒకే కాలువ నీళ్లు తాగుతున్నాయి.

కాటన్ కింద పనిచేసిన కుర్ర ఇంజినీర్లలో అదే తరహా భక్తుడు ఒకడున్నాడు, ఫెలిక్స్ హెయిగ్. వైనతేయ పాయ మీదుగా నగరం లంకకు నీళ్లు తీసుకెళ్లే గన్నవరం అక్విడక్టు ఆయన కట్టించిందే. నలభై అడుగుల వెడల్పు కమాన్లు నలభై తొమ్మిది. ఇటుకలు కాల్చుకోవడం దగ్గర నుంచి అంతా ఒకే పని సీజనులో ముగించాడంటే ఇప్పటి కాంట్రాక్టర్లు నమ్మరు. ఈ హెయిగే తర్వాత ఎగువన దుమ్ముగూడెంలో నది పనులు చూస్తూ, అడవిలోని కోయల కోసం చర్చి మిషనరీ సొసైటీ చేత మిషన్ పెట్టించాడు. ఆయన దగ్గర పనిచేసే వెంకటరామరాజు క్రైస్తవం పుచ్చుకుని ఉద్యోగం వదిలి కోయల మధ్యనే జీవితం గడిపాడు. భద్రాచలం రాముడి పక్క ఊళ్లో అలా ఒక ఇంజినీరు చలవతో చర్చి వెలిసింది.

మొండితనం బెడిసికొట్టిన చోట

దుమ్ముగూడెం పేరు వచ్చింది కాబట్టి చేదు కూడా మింగాలి. ధవళేశ్వరం గెలుపు కాటన్ తలకెక్కింది. నాగపూరు, బీరారు పత్తిని గోదావరి మీదుగా పడవల్లో కాకినాడకు దించవచ్చు, నదిలో మూడుచోట్ల అడ్డొచ్చే రాతిమెట్లను లాకులతో దాటవచ్చు అని ఆయన వాదించాడు. అమెరికా అంతర్యుద్ధంతో మాంచెస్టర్ మిల్లులకు పత్తి కరవైన రోజులు. డబ్బొచ్చింది. దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, లాకులు, కాలువ కట్టారు. అడవి జ్వరాలు ఇంజినీర్లనూ కూలీలనూ కలిపి నమిలేశాయి. ఏడాదిలో కొన్ని నెలలే పడవ నడిచే నదికి దాదాపు ఏడు లక్షల పౌండ్లు ధారపోసి, 1871లో పని మానేశారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వపు సీతారామ ఎత్తిపోతల పథకం నీళ్లు తీసుకునేది ఆ దుమ్ముగూడెం ఆనకట్ట ఎగువ నుంచే. పత్తి పడవల కోసం వేసిన రాళ్లు నూట యాభై ఏళ్ల తర్వాత ఖమ్మం పొలాల కోసం పనికొస్తున్నాయి. కాటన్ వాదం అలా గెలవలేదు గానీ, రాళ్లు మాత్రం వృథా కాలేదు.

కర్నూలు కడప కాలువ కథా అలాంటిదే. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థ, వెనక కాటన్ ప్రోత్సాహం, సర్కారు వడ్డీ హామీ. తుంగభద్ర మీద సుంకేసుల నుంచి కాలువ తవ్వారు. నల్లరేగడి రైతు నీళ్లు తీసుకోనన్నాడు, జొన్నకూ పత్తికీ ఆ నేలలో వాన చెమ్మే చాలు. కంపెనీ దివాలా బాట పట్టి, 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. ఇవాళ కేసీ కాలువ లేని కర్నూలు, కడపలను ఊహించలేం. ఆనాడు మాత్రం అది కాటన్ శత్రువులకు దొరికిన ఆయుధం.

ఎందుకిలా జరిగింది? నా ఉద్దేశంలో, డెల్టాలో ఆయన్ని గెలిపించిన గుణమే ఇక్కడ ముంచింది. దేవుడి పని అని నమ్మినవాడికి సందేహం రాదు. సందేహం రానివాడు పై అధికారుల అడ్డంకులను దాటగలడు, అదే ఊపులో లెక్కల్నీ దాటేస్తాడు. 1876-78 కరువులో మద్రాసు రాష్ట్రంలో లక్షల మంది చనిపోయాక, రైళ్ల మీద పోసిన డబ్బు కాలువల మీద పోసి ఉంటే వీళ్లు బతికేవారని కాటన్ ఇంగ్లండ్‌లో ఊరూరా చెప్పాడు. ఫ్లోరెన్స్ నైటింగేల్ ఆయన పక్షాన నిలిచింది. 1878లో లార్డ్ జార్జి హామిల్టన్ అధ్యక్షతన పార్లమెంటు కమిటీ కూర్చుంది. డెబ్బై అయిదేళ్ల కాటన్ వెళ్లి సాక్ష్యమిచ్చాడు. పడవలు రైలును ఎలా ఓడిస్తాయో లెక్కలు అప్పజెప్పాడు. కమిటీ ఆయన మాట వినలేదు. కాలువల గురించి ఆయన చెప్పింది చాలావరకు సరైనదే, రైళ్ల గురించి తప్పు. ఆయన మాత్రం ఆ రెండింటినీ విడదీయలేకపోయాడు.

డోర్కింగ్‌లో

1860లో ఉద్యోగ విరమణ, 1861లో సర్ బిరుదు. చివరి దశ డోర్కింగ్‌లో, లండన్‌కు దక్షిణంగా సరీ జిల్లాలో చిన్న ఊరు. కూతురు అదే ఊళ్లో కూలీలకూ కార్మికులకూ కాఫీ గది తెరిచింది. సారా దుకాణం వైపు పోకుండా వేడి కాఫీ, పక్కనే బైబిలు పాఠం. దాని మీద 1876లో ఒక పుస్తకం కూడా రాసింది. ఆ మరుసటి ఏడాది ఆమె పెళ్లాడిన అడ్మిరల్ జేమ్స్ హోప్ ఆమె కంటే మూడు పదులు పైబడ్డ పెద్దవాడు. నాలుగేళ్లకే పోయాడు. ఈ కుటుంబంలో భక్తి ఆదివారపు అలవాటు కాదు, ఇంటి వ్యాపారంలా ఉండేది. తండ్రి నీళ్లు పంచాడు, కూతురు కాఫీ పంచింది.

ముసలి కాటన్ ఊరుకోలేదు. ఇంటి తోటలో గోధుమ వేసి, నేలను లోతుగా తిరగవేస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో చూసేవాడు. 1876లో అరబ్బీ నేర్చుకునేవాళ్ల కోసం వాచకం ఒకటి తయారుచేశాడు. ముప్పై మూల పదాలు, నూట ఎనభై చిన్న వాక్యాలు, వ్యాకరణంతో పని లేకుండా నోటితో పలికి నేర్చుకోవడం. ఇంజినీరుకు అరబ్బీతో పనేమిటి? నాకు తోచే కారణం ఒక్కటే, అరబ్బులకు సువార్త చెప్పబోయేవాళ్లకు భాష త్వరగా రావాలి. శిష్యుడు హెయిగ్ ఆ తర్వాత మిషన్ పని మీద అరేబియా తీరాలే తిరిగాడు. ఆనకట్ట కట్టినా, అరబ్బీ నేర్పినా ఆయన పద్ధతి ఒకటే. మామూలు మనిషి చేతికి అందేలా, ఉన్న సరుకుతో, తక్కువ ఖర్చులో.

1899 జూలైలో, తొంభై ఆరేళ్ల వయసులో పోయాడు. మరుసటి ఏడాది రాజమండ్రి దగ్గర గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన తెరిచారు, ఆయనకు గిట్టని రైలు ఆయన నదిని దాటింది. బతికుంటే పత్రికలకు ఘాటైన ఉత్తరం తప్పకుండా రాసేవాడు.

మనం ఉంచుకున్నదీ వదిలేసిందీ

గోదావరి ఒడ్డు పండితులు ఆయన మీద సంస్కృతంలో శ్లోకం కట్టారు. నిత్య గోదావరి స్నాన పుణ్యం కలిగించిన ఆంగ్లేయ భగీరథుడని. స్నాన సంకల్పంలో దాన్ని కలిపి చదివినవాళ్లున్నారు. పుష్కరాల్లో ఆయన పేర పిండం పెట్టేవాళ్లూ ఉన్నారు. ఎన్టీఆర్ హైదరాబాదు ట్యాంకుబండ్ మీద తెలుగు వెలుగుల విగ్రహాలు నిలిపినప్పుడు వాటిలో కాటన్‌కూ చోటిచ్చారు. ఇంగ్లండ్‌లోని తెలుగువాళ్లు డోర్కింగ్ వెళ్లి సమాధి మీద పూలు పెట్టివస్తారు.

పిండం సంగతి తెలిస్తే కాటన్ ఏమనేవాడు? మొహమాటం లేకుండా వద్దనేవాడు. ఆయన విశ్వాసంలో చచ్చినవాడికి బతికినవాడు చేయగలిగిందేమీ లేదు, విగ్రహారాధన మహాపాపం. ఆ మాట నచ్చకపోవచ్చు, కానీ అది దాచి ఆయన్ని సర్వమత సహనానికి గుర్తుగా పూజించడం ఆయనకు గౌరవం కాదు. ఆయన మన దేవుళ్లను ఒప్పుకోలేదు. మన జనం ఆయన మతాన్ని పట్టించుకోకుండానే ఆయన్ని దేవుళ్లలో కలిపేసుకున్నారు. అటువైపు క్రైస్తవ సంఘాల్లో దేవుడు పంపిన మనిషిగా ఆయన పేరు చెప్తారు. ఇద్దరి చేతిలోనూ ఒక్కో ముక్కే ఉంది. కంపెనీ శిస్తు పెరిగిందన్న మూడో ముక్క ఎవరూ ముట్టుకోరు. ఆనకట్టకు అనుమతి దొరికింది అందుకే. పదివేల కూలీల పేర్లు ఏ ముక్కలోనూ లేవు.

పాత ఆనకట్ట స్థానంలో 175 గేట్లతో కొత్త బ్యారేజీ వచ్చింది, 1970లలో మొదలై 1980ల మొదట్లో పూర్తయింది. పేరు సర్ ఆర్థర్ కాటన్ బ్యారేజీ. దాని కింద ఇప్పటికీ పది లక్షల ఎకరాలు. గన్నవరంలో మాత్రం ప్రభుత్వం వేరే పేరు ఎంచుకుంది. హెయిగ్ కట్టించిన అక్విడక్టు పక్కన 2000లో కొత్తది కట్టినప్పుడు దానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. లంకల గన్నవరంలో వేళాపాళా లేకుండా వచ్చిన ప్రతివాడికీ అన్నం పెట్టిన ఆ బ్రాహ్మణ ఇల్లాలు 1841లో పుట్టింది, కాటన్ పెళ్లాడిన ఏడాది. ఆమె వండిన అన్నం ఈ కాలువల కింద పండిన బియ్యమే. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు, కలిసినా ఆమె మడికి ఆయన అడ్డు, ఆయన సువార్తకు ఆమె మడి అడ్డు. కోనసీమవాళ్లు మాత్రం ఆ పేచీ పెట్టుకోకుండా ఇద్దరి ఫొటోలూ ఒకే గోడకు తగిలిస్తారు.